కోళ్లు ఆజుర్‌లో గుడ్లు పెట్టవు

జనార్దన్‌కు లోకంలో ఒక్కటే విద్య తెలుసు. నిజాం సర్కారు వాడిన ఫసలీ తారీఖును ఇంగ్లీషు తారీఖుగా మార్చడం. అదీ ఒక విద్యేనా అనేవాళ్లు పోలీస్ యాక్షన్ తర్వాతి మూడేళ్లు హైదరాబాదులో ఉండి చూడవలసింది. సర్కారు మారింది, జెండా మారింది, వాటితో పాటు నెలలు కూడా మారిపోయాయి. అంతకుముందు సర్కారీ సంవత్సరం ఆజుర్ నెలతో మొదలయ్యేది. ఆజుర్ అంటే అక్టోబరు. దాని వెనక దై, బహమన్, ఇస్ఫందార్, ఇలా పన్నెండు. ఊళ్లో జనమంతా ఆ నెలల్లోనే పుట్టారు, ఆ నెలల్లోనే నౌకరీలో చేరారు. కొత్త సర్కారుకేమో జనవరిలోనో జూన్‌లోనో పుట్టినవాళ్లే కావలసి వచ్చారు.

అందుకని ఆదివారం పొద్దున్నే గన్‌ఫౌండ్రీలో జనార్దన్ కిరాయికున్న ఇంటి ముందు చెప్పుల జతలు వరసకట్టేవి. స్కూలు పంతుళ్లు, డాక్‌ఖానా గుమాస్తాలు, రైల్వేవాళ్లు తమ పాత సర్టిఫికెట్లు పట్టుకొచ్చి, తాము ఎప్పుడు పుట్టారో చెప్పమని అడిగేవారు. జనార్దన్ కళ్లు మూసుకుని, వేళ్ల కణుపుల మీద లెక్కవేసి, వాళ్లు పుట్టిన రోజు చెప్పేవాడు. డబ్బు పుచ్చుకునేవాడు కాదు. వీధిలో అతన్ని తారీఖుల జనార్దన్ అనేవారు. యాభై రెండేళ్ల మనిషికి ఆ పేరు చాలా ఇష్టంగా ఉండేది, పైకి మాత్రం విసుక్కునేవాడు.

మిగతా ఆరు రోజులూ అతను ముర్గీఖానాలో క్లర్కు. నాంపల్లి స్టేషన్ వెనక, గూడ్సు షెడ్లు దాటాక, ప్రహరీ వేసిన ఒక ఆవరణ ఉండేది. అందులో విలాయతీ జాతి తెల్ల సీమకోళ్లు నూటఇరవై, పది పుంజులు, ఆఫీసరుకొక గది, దాని పక్కన ఆఫీసు గది, ఒక రేకుల గది. బోర్డు మీద పెద్ద ఇంగ్లీషు పేరే ఉంది గాని రిక్షావాడికి చెబితే ఎవడూ తీసుకొచ్చేవాడు కాదు. ముర్గీఖానా అంటే వచ్చేవాడు. ఇక్కడి గుడ్లు దవాఖానలో రోగులకు పోతాయి. ఆఫీసు గది జనార్దన్‌ది. రేకుల గది యాదవ్వది.

యాదవ్వ మెదక్ దిక్కు నుంచి కూలికొచ్చి తొమ్మిదేళ్ల కింద ఈ కోళ్ల పనిలో చేరింది. తొమ్మిదేళ్లూ ఆమె తాత్కాలికమే. కాగితం మీద ఎప్పుడైనా తీసేయవచ్చు. తీసేస్తే కూలీ ఒక్కటే కాదు, రేకుల గది కూడా పోతుంది, ఇంకో గది ఆమెకు భూమ్మీద లేదు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కోళ్లకు గింజలు వేయడం, నీళ్లు పెట్టడం, గుడ్లు ఏరి లెక్క చెప్పడం ఆమె పని. ఆమె చెప్పిన లెక్కను రిజిస్టరులో రాయడం జనార్దన్ పని. ఇద్దరి మధ్య రోజుకు ఒక అంకె మాట నడిచేది, తొమ్మిదేళ్లుగా ఎవరికీ అంతకన్నా ఎక్కువ అవసరం పడలేదు.

ఆ ఏడు, అంటే వెయ్యిన్నీ తొమ్మిది వందల యాభై ఒకటి వానాకాలంలో, కొత్త ఆఫీసరు వచ్చాడు. పేరు శ్యామ్‌సుందర్. హిమాయత్‌నగర్ వాళ్ల అబ్బాయి, బయటి రాష్ట్రాల్లో పశువుల చదువు చదివి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. చెడ్డవాడేమీ కాదు. కాకపోతే గళ్ల కాగితం మీద గీత గీస్తే తప్ప ఏ సంగతీ నమ్మే అలవాటు లేదు. వచ్చిన వారానికే జనార్దన్‌ను పిలిచి, పాత రిజిస్టర్లలో పదేళ్ల గుడ్ల లెక్కలు తీసి, నెల నెలకూ సగటు కట్టి, కొత్త అచ్చు ఫారంలోకి ఎక్కించమన్నాడు.

"మీరు ఫసలీలో పండితులని విన్నాను జనార్దన్ సాబ్" అన్నాడు.

ఆ ఒక్క మాటతో జనార్దన్ రెండు పూటలు అన్నం సరిగ్గా తినకుండా పనిచేశాడు. పాత రిజిస్టర్లు ఉర్దూవి. కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మొదటి నెల గడి కుడి చివర ఉంటుంది. కొత్త ఫారం ఇంగ్లీషుది, మొదటి నెల ఎడమ చివర ఉంటుంది. ఎవడైనా తెలివి తక్కువవాడైతే తారుమారు చేసి తగలేసేవాడు. జనార్దన్ చేయలేదు. స్కేలు పెట్టి, కుడి చివరి గడిని ఎడమ చివరి గడిలోకి, దాని పక్కదాన్ని దీని పక్కదానిలోకి, నూటఇరవై గడులూ ఒక్కటి తప్పకుండా దించాడు. అతని జాగ్రత్తంతా కుడి ఎడమలు చూసుకోవడానికే సరిపోయింది. కుడి చివరి గడి ఆజుర్ అనీ, ఎడమ చివరి గడి మీద జనవరి అని అచ్చేసి ఉందనీ ఆలోచించలేదు. ముప్పై ఏళ్లుగా అతనికి మొదటి నెల మొదటి నెలే. ఊరందరి పుట్టినరోజులూ సరిచేసిన మనిషి కోళ్ల దగ్గరికొచ్చేసరికి పదేళ్లను మొత్తంగా మూడు నెలలు జరిపేశాడు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, తానూ గమనించలేదు.

శ్యామ్‌సుందర్ ఆ ఫారం చూసి గళ్ల కాగితం మీద నీలిగీత గీశాడు. గీసి, గోడకు అంటించి, కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆయన చదివిన పుస్తకాలన్నీ ఒకటే చెప్పాయి, పగలు పొడుగైతే కోడి గుడ్లు పెడుతుంది, పొట్టిదైతే మానేస్తుందని. ఫిబ్రవరి, మార్చిలో జోరు ఉండాలి. ఈ నీలిగీత మాత్రం ఫిబ్రవరిలో పాతాళంలో ఉండి, మే, జూన్‌లలో, మనుషులే సొమ్మసిల్లి పడిపోయే ఎండల్లో, శిఖరానికెక్కింది. ఆజుర్‌ను జనవరి చేస్తే దై నెల ఫిబ్రవరి కాక ఏమవుతుంది. అయితే ఆ మాట చెప్పేవాళ్లు గదిలో లేరు. శ్యామ్‌సుందర్ దక్కన్‌లో పెరిగే కోడికి వెలుతురుతో పని లేదని, దానికి వేడి కావాలని నిర్ణయానికొచ్చాడు. ఇది ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ కనిపెట్టని విషయం. ఆయన వ్యాసం మొదలుపెట్టాడు.

నీలిగీత పక్కన, ఏ రోజుకారోజు వచ్చే గుడ్లకు ఎర్రగీత గీయడం మొదలైంది. ఆగస్టులో ఎర్రగీత నీలిదానికన్నా పైన నడిచింది. ఆఫీసరు యాదవ్వను పిలిచి మెచ్చుకున్నాడు. ఎందుకు మెచ్చుకుంటున్నాడో ఆమెకు తెలియలేదు, అడగలేదు. సెప్టెంబరులో రెండూ దాదాపు కలిశాయి. అక్టోబరులో ఎర్రగీత కిందికి దిగింది. నవంబరు నడిమికి వచ్చేసరికి నీలిగీత రోజుకు యాభై ఐదు గుడ్లు అడుగుతోంది, యాదవ్వ పదమూడు తెచ్చి ఇస్తోంది.

నవంబరు పదిహేను, గురువారం నాడు యాదవ్వ ఒక కాగితం తెచ్చి జనార్దన్ బల్ల మీద పెట్టింది.

"సారూ, గిదేందో జర సదివి చెప్పు."

జనార్దన్ చదివాడు. గుడ్ల ఉత్పత్తి అంచనాలో నాలుగో వంతుకు పడిపోయినందున, గుడ్లను అపహరించి బయట విక్రయించుచున్నావని ఎందుకు భావించరాదో ఏడు రోజులలో తెలుపవలెను అని ఉంది.

"అంటే గుడ్లు దొంగతనం చేసిన్ననా?" అంది యాదవ్వ.

"చేసినవని అంటలేరు. చేసినవని ఎందుకు అనుకోవద్దో చెప్పమంటున్నరు."

"రెండిట్ల ఫరకేంది?"

జనార్దన్ ఆలోచించాడు. ముప్పై ఏళ్ల నౌకరీలో అతన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"జవాబైతే ఇయ్యాలె" అన్నాడు.

"నువ్వే రాయి సారూ. నాకు అచ్చరం ముక్క రాదాయె. నేను చెప్త, నువ్వు రాయి."

జనార్దన్ కాగితం తీసుకుని, పైన మర్యాదలన్నీ రాసి, చెప్పమన్నాడు. యాదవ్వ గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది.

"గిది కొత్తేం గాదు. ఏటేట గింతే. దసరా పోయిందంటే పొద్దు కురచైతది. కోళ్లు ఈకలు రాలుస్తయ్. దొడ్డంత ఈకలే, నువ్వు సూస్తనే ఉన్నవు గద. నెత్తి మీద జుట్టు ఎర్రగుండేది తెల్లబడ్తది. పుంజులు గూడ పెట్టల దిక్కు సూడయ్, గమ్మునుంటయ్. మల్ల రథసప్తమి పోయినంక పొద్దు సాగుతది, గప్పుడు షురువుజేస్తయ్. శివరాత్రికి సూడాలె, ఏరలేక నా నడుము పోతది."

జనార్దన్ రాస్తున్నాడు. "అన్ని జీవాలూ అంతేనా?" అని అడిగాడు, జవాబులో ఒక వాక్యం ఎక్కువుంటే బరువుగా ఉంటుందని.

"అన్నిటికి ఒక్కతీరు ఎట్లుంటది. పక్క దొడ్ల బర్రెను సూడు. కోడి బందువెట్టినంక దానికి షురువైతది. పొద్దు కురచైనప్పుడే ఎదకొస్తది. మొన్నటిసంది దున్న కోసం ఒర్లుతనే ఉన్నది, నీకు ఇనవడ్తలేదా? దేని టైము దానిది. మనిషికే ఒక టైము లేదు."

చివరి వాక్యం వదిలేసి మిగతాది రాశాడు. రాసి, అడగకపోయినా నష్టం లేని ప్రశ్న ఒకటి అడిగాడు.

"నిజాం జమానాల గూడ ఇట్లనే ఉండెనా?"

"గప్పుడైతేంది, గిప్పుడైతేంది. ఆజుర్ల గుడ్డు ఎక్కడిది సారూ? నువ్వే గద రాస్తుంటివి."

జనార్దన్ కలం ఆగింది. సిరా చుక్క ఒకటి కాగితం మీద పడి మెల్లగా పెద్దదైంది. యాదవ్వ వేలిముద్ర వేసి, కాగితం ఆరకముందే కోళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. అతను బీరువా తెరిచి పాత రిజిస్టరు తీశాడు. ఆజుర్ తక్కువ, దై మరీ తక్కువ, బహమన్ తక్కువ. తన దస్తూరీయే. అచ్చు ఫారం తీశాడు. జనవరి తక్కువ, ఫిబ్రవరి మరీ తక్కువ, మార్చి తక్కువ. అదీ తన దస్తూరీయే. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని, దాహం వేస్తున్నా లేవకుండా కూర్చున్నాడు.

వెంటనే చెప్పేద్దామనే లేచాడు. ఆ మాట అతని తరఫున చెప్పాలి. యాదవ్వ జవాబు, పాత రిజిస్టరు, అచ్చు ఫారం మూడూ చేత పట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్లాడు. ఆఫీసరు తలెత్తి నవ్వాడు. ఆయన బల్ల మీద ఆబిడ్స్‌లో టైపు చేయించి తెచ్చిన కాగితాల కట్ట ఉంది.

"సరిగ్గా సమయానికి వచ్చారు. ఇది చూడండి" అని చివరి పుట తిప్పి చూపించాడు.

అక్కడ ఇంగ్లీషులో ఉంది, ఈ పరిశోధనకు ఆధారమైన పదేళ్ల లెక్కలను ఎంతో శ్రమకోర్చి ఇంగ్లీషు నెలలలోకి మార్చిన శ్రీ జనార్దన్‌కు రచయిత కృతజ్ఞుడు అని. వ్యాసం జనవరిలో ఢిల్లీలో జరిగే పశువైద్యుల సభకు పోతుంది, అచ్చవుతుంది. జనార్దన్ తన పేరును ఇంతవరకు జీతపు చిట్టాలోనూ, కిరాయి రసీదులోనూ తప్ప చూసుకోలేదు. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. పాత రిజిస్టరును చంకలోకి మార్చుకున్నాడు.

"మీరేదో చెప్పడానికొచ్చారు" అన్నాడు శ్యామ్‌సుందర్.

"యాదవ్వ జవాబిచ్చింది సార్" అని ఆ ఒక్క కాగితం బల్ల మీద పెట్టాడు.

ఆఫీసరు చదివి నిట్టూర్చాడు. "పొద్దు కురచ కావడం, ఈకలు రాలడం. చల్లటి దేశాల కోళ్ల సంగతి ఇది, పుస్తకాల్లో నేనూ చదివాను. మన పదేళ్ల లెక్క వేరే చెబుతోంది కదా. ఆమె మాట నమ్మాలా, మీ లెక్క నమ్మాలా?"

జనార్దన్ చంకలోని రిజిస్టరు జారకుండా మోచెయ్యి బిగించాడు. అదీ ఒక జవాబేనని అతనికి తెలుసు. నెలాఖరు దాకా గడువిచ్చి, అప్పటికి ఎర్రగీత నీలిగీతను అందుకోకపోతే ఆమెను తీసేసి పోలీసులకు అప్పజెప్పుతానని ఆఫీసరు ఫైలు మీద రాశాడు. ఆ ముక్కను యాదవ్వకు చదివి వినిపించే పని జనార్దన్‌కే పడింది. వినిపించాడు. ఆమె నోట్లో పోక చెక్క వేసుకుని, "కోళ్లకు గూడ చదివి చెప్పు సారూ" అంది.

ఇంట్లో విద్యావతికి వ్యాసం సంగతి మాత్రమే చెప్పాడు. ఆమె భర్త పేరు ఢిల్లీలో అచ్చవుతుందని గల్లీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చెప్పి వచ్చింది. ఆ ఆదివారం చెప్పుల జతలు మామూలుకన్నా నాలుగు ఎక్కువ కనబడ్డాయి. జనార్దన్ కళ్లు మూసుకుని అందరి పుట్టినరోజులూ చెప్పాడు. ఒకటికి రెండుసార్లు లెక్కవేస్తుంటే, పెద్దవాడవుతున్నాడని వాళ్లు జాలిపడ్డారు.

రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు సోమవారం అయింది. ఆ సోమవారమే యాదవ్వ గుమ్మంలోకి వచ్చి, "ఇరవై రెండు" అంది.

జనార్దన్ తలెత్తి చూశాడు. ఆమె అతన్ని చూడలేదు. మంగళవారం ముప్పై ఒకటి. బుధవారం ముప్పై తొమ్మిది. ఎర్రగీత నిచ్చెనెక్కినట్టు ఎక్కింది. కోళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. మెడలు బోసిగా, తోకలు ఊడి, పెళ్లికి నగలు తాకట్టు పెట్టిన ఇంటివాళ్ల మాదిరి గోడ వారకు ముడుచుకు నిలబడి ఉన్నాయి. జనార్దన్ వాటిని చూసి కూడా, చలికాలం గుడ్లు పెట్టే కోళ్లు ఉండకూడదని ఎక్కడుంది అనుకున్నాడు. గురువారానికి అతను సగం నమ్మేశాడు. తన ఫారమే ఒప్పేమో, పదేళ్లుగా రిజిస్టరే తప్పేమో. తప్పు చేసినవాడికి ఇటువంటి ఆలోచనలు చాలా సులువుగా వస్తాయి, రానివ్వకుండా ఉండటానికే ఒళ్లు వంచాలి.

శుక్రవారం శ్యామ్‌సుందర్ స్వయంగా బుట్ట చూశాడు. గుడ్లలో చాలావరకు చిన్నవి, కొంచెం ముదురు రంగువి. సీమకోడి గుడ్డు పెద్దగా, సున్నంలా తెల్లగా ఉంటుంది. ఆయన ఒక గుడ్డును కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు పరీక్షించాడు. తర్వాత వ్యాసంలో ఒక పేరా కలిపాడు, శీతాకాలంలో దక్కన్ కోళ్ల గుడ్ల పరిమాణం తగ్గి, పెంకు గోధుమరంగుకు మారునని. దాన్ని శుభ్రమైన దస్తూరీతో రాసిచ్చింది జనార్దనే.

ఇరవై ఐదో తారీఖు ఆదివారం విద్యావతి దానిమ్మపళ్లు తెమ్మని పంపింది. జనార్దన్ ఆబిడ్స్ మీదుగా నడిచి మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లాడు. ఎలక్షన్లు దగ్గర పడుతున్నాయని గోడల నిండా కాగితాలు అంటించి ఉన్నాయి. పళ్ల బండి దగ్గర ఒక కాయ ఎత్తి చూస్తుండగా, ఎదురుగా గుడ్ల వ్యాపారి ముందు కూర్చున్న యాదవ్వ కనిపించింది. పక్కన బుట్ట, అందులో తవుడు, తవుడులో గుడ్లు.

గుడ్లు అమ్ముతోంది అనుకున్నాడు జనార్దన్.

అప్పుడు అతనికి ఎంత సంతోషం వేసిందో దాచి లాభం లేదు. గుండె మీది రాయి దిగిపోయింది. యాదవ్వ దొంగ. కోళ్లు ఎప్పుడూ పెడుతూనే ఉన్నాయి, ఈమె ఎత్తుకుపోతూ ఉంది, భయపడి కొన్ని తిరిగి పెడుతోంది. ఆజుర్ ఏమైతేనేం, జనవరి ఏమైతేనేం, ఇంక ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేదు. వ్యాసం అచ్చవుతుంది. ఇన్ని రోజులు అనవసరంగా నిద్ర చెడగొట్టుకున్నానని తన మీద తనకే జాలి కలిగింది. దానిమ్మ బండి వెనక్కి ఒక అడుగు వేసి, కాయ చేతిలోనే పట్టుకుని, హాయిగా నవ్వుమొహంతో చూశాడు.

యాదవ్వ కొంగు ముడి విప్పింది. చిల్లర తీసి వ్యాపారి చేతిలో పెట్టింది. కుప్పలోంచి గుడ్లు ఒక్కొక్కటీ వెలుతురుకెత్తి చూసి, తెల్లగా కనబడ్డవి ఏరి, తన బుట్టలో తవుడులోకి దించుకుంది. తెల్లవి అయిపోయాక గోధుమరంగువే తీసుకుంది. బుట్ట నిండాక, లేచి, మోకాలు పట్టుకుని కాసేపు నిలబడి, నాంపల్లి దిక్కు నడిచింది.

"ఎంత చూసినా దానిమ్మ దానిమ్మే సాబ్, కొంటవా లేదా?" అన్నాడు బండివాడు. జనార్దన్ ఎన్ని కొన్నాడో, ఎంత ఇచ్చాడో ఇంటికెళ్లాక విద్యావతి అడిగితే చెప్పలేకపోయాడు. ఒంటి నిండా సిగ్గు పట్టుకుంది. తప్పు చేసినందుకు కాదు. తప్పు ఎవడైనా చేస్తాడు. ఆ మనిషి దొంగైతే బాగుండునని కోరుకున్నందుకు.

సోమవారం ఆఫీసు తెరవగానే పాత రిజిస్టరు, అచ్చు ఫారం రెండూ శ్యామ్‌సుందర్ బల్ల మీద పెట్టాడు.

"సార్, ఆజుర్ జనవరి కాదు."

"మరి?"

"అక్టోబరు."

శ్యామ్‌సుందర్ రెండు కాగితాలూ చూశాడు. లేచి వెళ్లి గోడ మీది నీలిగీతను చూశాడు. వేలితో దాన్ని ఎడమకు మూడు గడులు జరిపినట్టు గాలిలో గీశాడు. జరిగినచోట అది ఎర్రగీత మీద, గుడ్లు కొనకముందటి ఎర్రగీత మీద, దాదాపు సరిగ్గా కూర్చుంది.

"అంటే ప్రపంచంలో కోళ్లన్నీ ఎట్లా పెడతాయో మనవీ అట్లాగే పెడతాయి" అన్నాడు.

"ఔ సార్."

"ఇందులో కొత్త సంగతేమీ లేదు."

"ఏం లేదు సార్."

"ఈ వారం రోజుల గుడ్లు?"

"మొజంజాహీ మార్కెట్‌వి. యాదవ్వ సొంతంగా కొని తెచ్చి పెట్టింది."

"రంగు మారడం?"

"అవి దేశవాళీ కోళ్లవి సార్."

శ్యామ్‌సుందర్ కూర్చున్నాడు. వ్యాసం కట్టను తీసి, చివరి పేజీ ఒకసారి చూసి, సొరుగులో పెట్టి తాళం వేశాడు. "ఈ విషయం ఇంకా ఎవరెవరికి తెలుసు?" అని అడిగాడు.

"కోళ్లకు తెలుసు సార్" అన్నాడు జనార్దన్. పరిహాసానికి అనలేదు, నోటికొచ్చిన నిజం అది. ఆఫీసరు ఎందుకో కోపం తెచ్చుకోలేదు. యాదవ్వ మీద మెమో రద్దు చేస్తున్నట్టు రాసి సంతకం పెట్టాడు. జనార్దన్‌ను మాత్రం తన తప్పును తన చేత్తోనే రాసి ఇమ్మన్నాడు, అది సర్వీసు బుక్కులో కలుస్తుందని, హెడ్ క్లర్కుగా ప్రమోషన్ మాట ఇక మరచిపొమ్మని చెప్పాడు. జనార్దన్ రాసిచ్చాడు. కింద తారీఖు వేసేటప్పుడు గోడ మీది క్యాలెండరు చూసి వేశాడు.

రద్దు కాగితం పట్టుకుని దొడ్లోకి వెళ్లాడు. యాదవ్వ జొన్నలు చల్లుతోంది. ఈకలూడిన కోళ్లు ఆమె కాళ్ల చుట్టూ మూగి ఉన్నాయి. పక్క దొడ్లో బర్రె గొంతు చించుకుంటోంది. జనార్దన్ కాగితం చదివి వినిపించి, తర్వాత తన మాటల్లో మొత్తం చెప్పాడు. ఉర్దూ రిజిస్టరు, అచ్చు ఫారం, కుడి చివరి గడి, ఎడమ చివరి గడి. యాదవ్వ చల్లడం ఆపకుండా విన్నది.

"నౌకరీ పోదు. ఇంక ఫికర్ లేదు" అన్నాడు.

"గుడ్లు కొనుడు బందువెట్టొచ్చునా?"

"బందు పెట్టు. పైసలెక్కడివి యాదవ్వా?"

"కాళ్ల కడియాలుండె. అమ్మిన." ఇంకో గుప్పెడు చల్లింది. "నీ తప్పని నీకెప్పుడు ఎరుకైంది సారూ?"

నిన్న అని చెబితే అయిపోయేది. ఆమె దగ్గర రిజిస్టరు లేదు, తిప్పి చూసేవాళ్లు లేరు. "నీ జవాబు రాసిన్నాడే" అన్నాడు.

"గదే రోజా?"

"గదే రోజు. పదకొండు రోజులాయె."

"గట్లనా" అంది. చేటలో మిగిలిన గింజలు దులిపి, చేటను గోడకు ఆనించింది. కోపంగా లేదు. కోళ్ల గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. "నిన్న బజార్ల నేను గూడ నిన్ను చూసిన సారూ. పండ్ల బండెనుక నిలవడ్డవు. ముందుగాల నీ మొకం మస్తు కళగుండె. నేను గుడ్లు అమ్ముతున్న అనుకున్నవు గావొచ్చు. నేను పైసలు తీసి ఇచ్చినంక నీ మొకం ఇంత చిన్నగైంది."

జనార్దన్ కోళ్ల వైపు చూశాడు.

"నేను దొంగను గాకపాయెనని గంత బాధైందా సారూ?"

ఎందుకట్లా భావించరాదో తెలుపమని ఏడు రోజులు గడువిచ్చినా అతను ఒక వాక్యం రాయలేడు. ఇంతకాలంగా అతను ఊళ్లోవాళ్లకు చెప్పిన తారీఖులన్నింటికన్నా ఆ ఒక్క మాట పైకి రావడం కష్టమైంది.

"ఔ" అన్నాడు.

యాదవ్వ తలాడించింది. గూళ్ల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కదాంట్లో చెయ్యి పెట్టి వెతికి, కొంగులో వేసుకుని తిరిగొచ్చింది. కొంగు విప్పి చూపించింది. పెద్దవి, సున్నంలా తెల్లవి.

"నాలుగు" అంది. "రాస్కో."

జనార్దన్ లోపలికి వెళ్లి రిజిస్టరు తెరిచి నాలుగు అని రాశాడు.